రెండు వందల పన్నెండు చీటీలు

జిగురు నేనే కాస్తాను.
గోధుమపిండి, నీళ్లు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం.
కొన్న జిగురు పదేళ్లకే పచ్చబడి పెళుసెక్కుతుంది,
పువ్వు కంటే ముందు అదే చస్తుంది.
ఈ మాట ఓతియా గారు చెప్పింది
త్బిలిసీలో కరెంటు లేని చలికాలం.
కిరసనాయిలు పొయ్యి పక్కన మేమిద్దరం,
చుట్టూ బీరువాల్లో
నలభై వేల ఎండు మొక్కలు, ఒక్క నిప్పురవ్వ దూరంలో.

ఇవాళ జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది.
హెన్‌రీకె అనే అమ్మాయి, ఎంతో మర్యాదగా రాసింది.
గోరంత ఆకుముక్క తీసుకుని
లోపలి రాత చదివిందట.
మ్జేకాలియా అన్న ఇంటిపేరు ఇక చెల్లదట.
ఈ మూడు జాతులూ మొదటినుంచీ గంటపూల వాళ్లేనట,
కొండెక్కి వేరు కాపురం పెట్టినంత మాత్రాన
వేరే వంశం అయిపోరట.

రెండు వందల పన్నెండు అట్టలు.
ఒక్కోదానికి ఒక చీటీ.

మా దగ్గర ఒక నియమం ఉంది.
పాత పేరు కొట్టేయకూడదు,
దానిమీద కాగితం కప్పకూడదు.
పక్కన ఖాళీ చూసుకుని కొత్తది అతికించాలి.
ఒక అట్టమీద ఐదు పేర్లున్నాయి, ఐదు చేతిరాతలు,
అన్నిటికంటే పాతది జారు కాలపు సిరా,
వంకీలన్నీ మీసాలు మెలేసినట్టు.
మధ్యలో పువ్వు తల వాల్చి
ఎవరు పిలిచినా పలకనట్టు.

నా ఇంటిపేరూ రెండుసార్లు మారింది,
పెళ్లిలో ఒకసారి, కోర్టులో ఒకసారి.
గుమాస్తా అడ్డంగా గీత కొట్టి రాశాడు.

ఓతియా గారు వచ్చారు.
ఎనభై ఏడేళ్లు. చేతికర్ర. జేబులో అక్రోటు కాయలు.
ఉత్తరం రెండుసార్లు చదివి
"మంచి లాటిన్ నేర్చుకోలేదు పిల్ల" అన్నారు, అంతే.
తరువాత మొదటి అట్ట అడిగారు,
ఎర్ర అంచు కవరులోది,
ఆ పేరంతా ఏ ఒక్క మొక్క మీద నిలబడిందో అది.

దాని మూలన గింజల పొట్లం.
ముప్పై ఏళ్లుగా తుడుస్తున్నాను, ఎప్పుడూ విప్పలేదు.
ఆయనే విప్పారు. లోపలి మడతలో పెన్సిలు రాత, ఆయనదే:
"గింజకు గుంట రెండింటికే ఉంది.
మూడోదానికి లేదు. మళ్లీ చూడాలి."
కింద తేదీ.
పుస్తకం అచ్చుకు వెళ్లడానికి పదకొండు రోజుల ముందుది.

నేను బీరువా తాళం సర్దుతున్నట్టు నటించాను.
ఆయన అక్రోటు ఒకటి పగలగొట్టి, తినకుండా,
"చూడలేదు లామారా" అన్నారు.
"ఆ ఏడు ఎవరికో ఒకరికి పేరు కావాల్సొచ్చింది."

మ్జే అంటే మా భాషలో సూర్యుడు.
పర్వతసూర్యుడి పేరు పెట్టాడని
అకాడమీలో చప్పట్లు కొట్టారట.
నాకు తెలుసు, మ్జేకాలా ఆయన కంచరగాడిద.
తుషెతి కనుమలో ఏడు రోజులు
అచ్చుపలకలూ తడికాగితాలూ మోసి
దిగేటప్పుడు రాళ్లమీద జారి పోయింది.
దారి చూపిన ఉతుర్గాను
ఈ పువ్వు పేరేమిటని అడిగితే
"మేకజూకా" అన్నాడట.
పై ఊళ్లో అడిగితే కాదు, "మబ్బుకు మూసేది".
రెండు ఊళ్లూ ఆ సంగతి మీద ఇంకా మాట్లాడుకోవడం లేదు.

మొదటి చీటీ ఆయనే అతికించారు.
చెయ్యి వణికి కాస్త ఒరిగింది.
సరిచేయబోతే వద్దన్నారు.

ఇప్పుడు రాత్రి పది. నూట నలభై అయ్యాయి.
జిగురు గిన్నెలో మీగడ కట్టింది.
మొదటి అట్టను దీపం కింద మళ్లీ పెట్టి చూశాను,
కాడ కింద, పాత జిగురులో,
బూడిదరంగు వెంట్రుక ఒకటి, బిరుసుగా, పొట్టిగా.
వేరుపీచు అనుకుని
ఇన్నేళ్లూ జాగ్రత్తగా దాచాను.

దానికి చీటీ లేదు.
కవరు మూసి, ఎర్ర అంచు సరిచేసి
నూట నలభై ఒకటోది తీశాను.